కైట్ ఫాయిల్ బోర్డుపై టాక్

పైన గాలిపటం లాగుతుంటే, కింద నీటిలో మునిగిన రెక్క బోర్డును పైకెత్తుతుంటే, నీటికి తగలకుండా సాగిపోయే జలక్రీడ కైట్ ఫాయిలింగ్. ఇందులో బోర్డు ముక్కును గాలి వచ్చే దిక్కు మీదుగా తిప్పి ఒక పక్క నుంచి రెండో పక్కకు దారి మార్చడాన్ని టాక్ అంటారు. గాలి పోయే దిక్కు మీదుగా తిప్పితే అది జైబ్. తెరచాప పడవల కాలం నుంచీ ఈ రెండూ నావికులకు నిత్యం ఉన్న పనులే. కైట్ ఫాయిల్ నేర్చుకునేవారిలో ఎక్కువమంది జైబ్ దగ్గర కొంత తడబడి బయటపడతారు, టాక్ దగ్గర చాలాకాలం ఆగిపోతారు. పడిపోవడం బోర్డు మీద జరుగుతుంది కాబట్టి తప్పంతా కాళ్లదేనని అనుకుంటారు. చాలాసార్లు ఆ తప్పు ఇరవై మీటర్ల పైన, గాలిపటాన్ని కదిపిన వేళలో ఉంటుంది. టాక్ నేర్చుకోవడమంటే ముందుగా ఆ వేళను నేర్చుకోవడం.

ఎదురుగాలిలో ప్రయాణం

తెరచాపతో నడిచేది ఏదైనా గాలికి సూటిగా ఎదురు పోలేదు. గాలి వచ్చే దిక్కుకు అటూ ఇటూ కొంత కోణం మేర తెరచాపకు పట్టు దొరకదు. ఎదురుగాలి వైపు ఉన్న చోటికి చేరాలంటే ఆ కోణం అంచునే ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి వంకరటింకరగా పోవాలి. గాలికి 50 డిగ్రీల కోణంలో పోగలిగిన రైడర్ ఎదురుగాలి వైపు ఒక కిలోమీటరు ఎక్కాలంటే నీటి మీద సుమారు 1,550 మీటర్లు ప్రయాణించాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ బోర్డు 100 డిగ్రీలు తిరగాలి. అదే మలుపును జైబ్‌తో తిరిగితే 260 డిగ్రీలు చుట్టి రావాలి, పైగా ఆ చుట్టులో కష్టపడి ఎక్కిన దూరంలో కొంత వెనక్కి జారిపోతుంది. సరదాగా తిరిగేవారికి ఆ నష్టం పెద్దది కాదు. పందెంలో మాత్రం టాక్ రానివారికి ఎదురుగాలి దారిలో చోటే ఉండదు.

హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవల మీద తెరచాప నేర్చుకునే పిల్లలకు టాక్ తొలి పాఠాల్లోనే వస్తుంది. చుక్కాని తోసి, తల వంచి, తెరచాప కింది కర్రను దాటుకుని రెండో పక్కన కూర్చుంటే పడవ దారి మారుతుంది. అక్కడ తెరచాపను గాలే రెండో పక్కకు తోసేస్తుంది. కైట్ ఫాయిల్‌లో ఆ సాయం లేదు. గాలిపటాన్ని రైడరే తన తల మీదుగా రెండో పక్కకు దాటించాలి. ఆ దాటింపు, బోర్డు మలుపు ఒకదానికొకటి సరిపోవాలి. పడవలో మొదటి పాఠం ఇక్కడ చివరి పాఠాల్లో ఒకటి కావడానికి అదే కారణం.

పరికరం

గాలిపటం నుంచి వచ్చే నాలుగైదు దారాలు రైడర్ చేతిలోని బార్‌కు కలుస్తాయి. దారాల పొడవు సాధారణంగా ఇరవై మీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. లాగుడు బరువు చేతుల మీద పడదు. నడుముకు కట్టుకున్న హార్నెస్ కొక్కెం దాన్ని మోస్తుంది. బార్‌ను దగ్గరకు లాక్కుంటే గాలిపటానికి బలం పెరుగుతుంది, దూరంగా వదిలితే తగ్గుతుంది. ఒక చివర లాగితే గాలిపటం ఆ పక్కకు తిరుగుతుంది.

బోర్డు అడుగున నిలువుగా దిగే పలచని స్తంభం మాస్ట్. దాని కింది కొనకు అడ్డంగా ఒక కడ్డీ, ఆ కడ్డీకి ముందు పెద్ద రెక్క, వెనక చిన్న రెక్క ఉంటాయి. పెద్ద రెక్క పైకెత్తుతుంది, చిన్నది ముందువెనకల తూకాన్ని నిలబెడుతుంది. మాస్ట్ పక్కకు జారిపోకుండా పట్టుకుంటుంది. అందుకే ఫాయిల్ బోర్డు మామూలు కైట్ బోర్డు కంటే ఎదురుగాలికి బాగా దగ్గరగా పోగలదు. పందెపు మాస్ట్‌లు దాదాపు మీటరు పొడవుంటాయి. నేర్చుకునేటప్పుడు అందులో సగం పొడవుతో మొదలుపెట్టడం మేలు, పడినా ఎత్తు తక్కువ.

గాలిపటాలు రెండు రకాలు. గాలి నింపిన గొట్టాల చట్రంతో ఉండేవి ట్యూబ్ కైట్లు. అవి నీటిలో పడినా తేలతాయి, తిరిగి లేస్తాయి. గొట్టాలు లేకుండా గుడ్డ గదుల్లోకి గాలి చొరబడి ఆకారం పొందేవి ఫాయిల్ కైట్లు. పందెగాళ్లు వాడేవి ఇవే. దారాలు వదులైతే ఇవి ముడుచుకుపోతాయి, నీటిలో పడితే తడిసి లేవడం కష్టం. టాక్ మొదట ట్యూబ్ కైట్‌తోనే నేర్చుకోవాలి.

మలుపు మధ్యలో జరిగేది

నీరు గాలి కంటే సుమారు 800 రెట్లు సాంద్రమైనది. అందుకే అంత చిన్న రెక్క ఒక మనిషిని మోయగలుగుతుంది. అయితే ఆ పైకెత్తే బలం వేగం వర్గాన్ని బట్టి మారుతుంది. 14 నాట్ల వేగంతో వచ్చిన రైడర్ మలుపులో 7 నాట్లకు తగ్గితే, రెక్క అదే వాలులో ఉన్నప్పుడు, బలం సగం కాదు, పావు వంతుకు పడిపోతుంది. రెక్క వాలు పెంచి కొంత సరిదిద్దవచ్చు. మిగిలిన బరువును గాలిపటం మోయాలి. టాక్ వేళకు గాలిపటం నెత్తి మీదకు రావడం ఈ పని కోసమే. పక్కకు లాగుతున్న బలాన్ని కాసేపు పైకి లాగే బలంగా మార్చాలి.

గాలి లెక్క కూడా చూడాలి. గాలిపటానికి తగిలేది ఒడ్డున నిలబడ్డవారికి తగిలే గాలి కాదు, రైడర్ వేగం కూడా కలిసిన సాపేక్ష గాలి. 10 నాట్ల గాలిలో, గాలికి 50 డిగ్రీల కోణంలో, 12 నాట్ల వేగంతో పోయేవారికి అది దాదాపు 20 నాట్లు అవుతుంది. బోర్డు ముక్కు సరిగ్గా గాలికి ఎదురైన క్షణంలో వేగం 7 నాట్లు మిగిలి ఉంటే సాపేక్ష గాలి 17 నాట్లు. అంటే టాక్ మధ్యలో గాలిపటానికి గాలి కరువు లేదు. పైగా రైడర్ గాలిపటం నుంచి దూరంగా పోతుంటారు కాబట్టి దారాలు బిగువుగానే ఉంటాయి. జైబ్‌లో దీనికి పూర్తిగా తలకిందులు. అదే 10 నాట్ల గాలిలో 8 నాట్లతో గాలి వెంబడి పోతే, కదలకుండా ఉన్న గాలిపటానికి మిగిలేది 2 నాట్లే, దారాలు వదులవుతాయి. కాబట్టి టాక్ కష్టమైనదే అయినా, గాలిపటం పట్టు దృష్ట్యా జైబ్ కంటే నమ్మదగినది. ఈ సంగతి తెలిస్తే నేర్చుకునేవారి భయం సగం తగ్గుతుంది.

ఆ పట్టు ఎంతోసేపు నిలవదు. ముక్కు గాలిని దాటేశాక వేగం పోతే సాపేక్ష గాలి 17 నుంచి 10కి జారుతుంది, లాగుడు మూడో వంతుకు వస్తుంది. గాలిపటం ఆకాశంలో కదులుతూ ఉంటే తన కదలికతోనే కొంత గాలిని పుట్టించుకుంటుంది. నెత్తి మీద కట్టేసినట్టు నిలబెట్టేస్తే అదీ ఉండదు. అందుకే అనుభవజ్ఞుల టాక్‌లో గాలిపటం నడినెత్తిన ఆగదు, నెమ్మదిగానైనా దాటుతూనే ఉంటుంది.

రెండు రకాలు

మామూలుగా రైడర్ వీపును గాలికి పెట్టి, మడమల మీద బరువు వేసి వెనక్కి వాలి పోతారు. దీన్ని హీల్‌సైడ్ అంటారు. ముఖం గాలికి పెట్టి, వేళ్ల మీద బరువు వేసి, గాలిపటం వెనక నుంచి లాగుతుండగా పోవడం టోసైడ్. ఫాయిల్ బోర్డుకు ముందు, వెనక వేరు కాబట్టి పాదాలు మార్చకుండా మలుపు తిరిగితే ఒకదాని నుంచి రెండోదానిలోకి చేరక తప్పదు.

హీల్‌సైడ్‌లో మొదలై టోసైడ్‌లో ముగిసే టాక్‌లో తిరగడం తేలిక, తిరిగాక నిలబడటం కష్టం. ముగిసిన చోట నడుము ఒక వైపు, భుజాలు మరో వైపు మెలిపడి ఉంటాయి, అలవాటు లేనివారు అక్కడే పడతారు. టోసైడ్‌లో మొదలై హీల్‌సైడ్‌లో ముగిసేదానిలో మొదలు ఇబ్బంది, ముగింపు హాయి. మడమల మీదకు చేరగానే శరీరానికి తెలిసిన చోటు దొరుకుతుంది. ముందుగా ఏది నేర్పాలన్న దానిపై శిక్షకులలో ఏకాభిప్రాయం లేదు. టోసైడ్‌లో నిశ్చింతగా రెండు వందల మీటర్లు పోగలిగినవారు ఏది ముందు మొదలుపెట్టినా ఒకటే. అది చేతకానివారు ఏది మొదలుపెట్టినా వృథా శ్రమే. పందెగాళ్లు మలుపులోనే పాదాలు మార్చి, హీల్‌సైడ్ నుంచి నేరుగా హీల్‌సైడ్‌లోకి వస్తారు. అది తరువాతి మెట్టు.

టాక్ జరిగే తీరు

హీల్‌సైడ్ నుంచి టోసైడ్‌కు పోయే టాక్‌ను దగ్గరగా చూద్దాం. రైడర్ ఎడమ కాలు ముందు పెట్టి ఎడమకు పోతున్నారు, గాలిపటం, నడినెత్తిని 12గా తీసుకున్న గడియారంలో 11 అంకె దగ్గర ఉంది. మలుపు తిరగబోయే ఎదురుగాలి వైపు నీరు ఖాళీగా ఉందో లేదో ముందు చూసుకోవాలి. మితిమీరిన వేగం ఉంటే కొంత తగ్గించుకోవాలి, మరీ తగ్గిస్తే మలుపు సగంలోనే రెక్క మునుగుతుంది. బోర్డును మాస్ట్ మధ్య ఎత్తులో ఉంచాలి. ఎత్తుగా ఉంటే వాలినప్పుడు రెక్క కొన నీటి పైకి వచ్చి గాలిని మింగుతుంది, పట్టు తెగి బోర్డు ధబేలున పడుతుంది.

తరువాత, బోర్డును తిప్పక ముందే, కుడి చేతితో బార్‌ను మెల్లగా లాగి గాలిపటాన్ని 12 వైపు బయలుదేరదీయాలి. ఈ ముందూ వెనకలే టాక్‌కు ప్రాణం. ఇరవై మీటర్ల దారాల చివర ఉన్న గాలిపటం చెప్పిన వెంటనే తిరగదు. చిన్నది తొందరగా, పెద్దది నిదానంగా స్పందిస్తుంది. 9 చదరపు మీటర్ల గాలిపటంతో నిన్న కుదిరిన వేళ, 15 చదరపు మీటర్ల దానితో ఈరోజు ఆలస్యమవుతుంది. గాలిపటం మార్చిన ప్రతిసారీ మొదట నేరుగా పోతూ దాన్ని 11 నుంచి 1కి, 1 నుంచి 11కి నాలుగైదుసార్లు ఊపి చూసుకోవడం మంచి అలవాటు. ఆ ఊపులో ఎంతసేపటికి లాగుడు పైకి తిరుగుతోందో నడుముకు తెలుస్తుంది.

గాలిపటం 12కు చేరువయ్యేసరికి హార్నెస్ పైకి లాగుతున్నట్టు తెలుస్తుంది. అప్పుడు మడమల మీద ఒత్తిడి పెంచి, తలను, భుజాలను ఎదురుగాలి మీదుగా కొత్త దారి వైపు తిప్పాలి. పాదాల వైపు చూస్తే మలుపు అక్కడే ఆగిపోతుంది. చూపు ఎటు పోతే భుజాలు అటు, భుజాల వెంట నడుము, నడుము వెంట బోర్డు. బార్‌ను కొంచెం దగ్గరకు లాక్కుని బరువులో కొంత గాలిపటానికి అప్పగించాలి. ఈ క్షణంలో శరీరం ఉట్టిలో కుండలా ఊగకుండా వేలాడాలి. పాదాల మీద బరువు తగ్గడం వల్ల రెక్క బోర్డును ఇంకా పైకి ఎగదోయబోతుంది కాబట్టి ముందు పాదంతో నొక్కి ఉంచాలి.

ముక్కు గాలిని దాటుతున్న వేళకు గాలిపటం కూడా 12ను దాటి కొత్త పక్కకు దిగడం మొదలుపెట్టాలి. ఇక్కడ ఏ చేయి లాగాలన్నది తికమక పెడుతుంది. శరీరం తిరిగిపోయింది, గాలిపటం వెనక్కి పోయింది, చేతులు మాత్రం బార్ మీద అలాగే ఉన్నాయి. మొదలుపెట్టినప్పుడు లాగిన కుడి చేతినే కొనసాగించాలి, అంతే. చేతులు మార్చాలని ఆలోచించిన రైడర్ ఆ ఆలోచనలోనే నీటిలో ఉంటారు.

దాటాక బోర్డు కొత్త దారిలో కొంచెం గాలి వాలుకు తిరగాలి, అప్పుడే లాగుడు అందుతుంది. వేగం తగ్గి ఉంటుంది కనుక ముందు పాదం ఒత్తిడిని సడలించాలి. మలుపు మొదట్లో కాపాడిన ఒత్తిడే ఇక్కడ రెక్కను ముంచుతుంది. గాలిపటం కొత్త పక్కన 1 అంకె దాటి దిగి లాగడం మొదలుపెడితే బార్‌ను కొద్దిగా వదిలి, వేళ్ల మీద బరువు సర్దుకుని ముందుకు పోవాలి. మొత్తం మూడు నాలుగు క్షణాల పని.

తరచూ జరిగే పొరపాట్లు

గాలిపటాన్ని తొందరపడి పంపడం అన్నిటికంటే మామూలు పొరపాటు. బోర్డు ఇంకా పాత దారిలోనే ఉండగా గాలిపటం రెండో పక్కకు పోతే రైడర్‌ను వెనక్కి గుంజి బోర్డు మీద నుంచి లేపేస్తుంది. ఆలస్యం చేస్తే ఇందుకు వ్యతిరేకం. బోర్డు గాలికి ఎదురుగా తిరిగింది, గాలిపటం ఇంకా పాత పక్కనే ఉంది, బరువు మోసేవారు లేరు. రైడర్ ఎదురుగాలి వైపు నిదానంగా నీటిలో కూర్చుండిపోతారు. పడిన తీరు చూస్తే తప్పు ఎక్కడుందో తేలిపోతుంది. వెనక్కి ఎగిరితే గాలిపటం ముందుగా పోయింది, నీటిలో కూర్చుండిపోతే అది వెనకబడింది. ఈ ఒక్క గుర్తు పట్టుకుంటే శిక్షకుడు పక్కన లేకపోయినా తన తప్పు తానే దిద్దుకోవచ్చు.

మలుపును సగంలో ఆపేయడం మరో పొరపాటు. ముక్కు గాలిని దాటగానే పని అయిపోయిందనుకుని భుజాలను బిగించేస్తారు. బోర్డు పట్టు లేని కోణంలోనే నిలిచి మునిగిపోతుంది. గాలి దాటాక కూడా మరో నలభై యాభై డిగ్రీలు తిరగాలని మనసులో ఉంచుకోవాలి. భయం వల్ల బరువును వెనక కాలు మీదకు తీసుకోవడం కూడా చాలామందిలో కనిపిస్తుంది. అలా చేస్తే ముక్కు పైకి లేచి, రెక్క నీటి బయటికి వచ్చేస్తుంది.

అభ్యాస క్రమం

టాక్‌ను నేరుగా మొదలుపెట్టకూడదు. దానికి ముందు రావలసినవి ఉన్నాయి. రెండు వైపులా ఎత్తు చెడకుండా నేరుగా పోవడం, ఎదురుగాలి వైపు ఎక్కడం, టోసైడ్‌లో పోవడం, తేలుతూ ఉండగానే పాదాలు మార్చడం, జైబ్. వీటిలో టోసైడ్‌కు ఎక్కువ రోజులు ఇవ్వాలి. అది కుదిరాక టాక్ త్వరగా వస్తుంది.

నీటిలోకి దిగే ముందు ఒడ్డున చేయగల పని కొంత ఉంది. ఇసుకలో బోర్డు ఆకారం గీసి, గాలి వచ్చే దిక్కును గుర్తుపెట్టి, చేతిలో కర్రను బార్‌లా పట్టుకుని తల, భుజాలు, నడుము తిరిగే వరసను నిదానంగా చేసి చూడాలి. ఏ చేయి లాగాలన్న తికమక ఇసుక మీదే పోతుంది. నీటి మీద మొదటి మెట్టుగా బోర్డును నీటికి తగలనిచ్చే టాక్ చేయాలి. ముక్కు గాలిని దాటే ముందే బోర్డును మెత్తగా నీటి మీదకు దించి, తేలుతూ మలుపు పూర్తి చేసి, కొత్త పక్కన మళ్లీ పైకి లేవాలి. ఇందుకు కాస్త తేలే గుణం ఉన్న మందపాటి బోర్డు, తక్కువ వేగంలోనూ మోసే పెద్ద ముందు రెక్క కావాలి. పందెపు సన్నని రెక్కలతో టాక్ నేర్చుకోబోవడం రోజులు పాడుచేసుకోవడమే.

10 నుంచి 15 నాట్ల నిలకడైన గాలి, అలలు లేని నీరు ఇందుకు తగినవి. తగ్గి పెరిగే గాలిలో చేసిన అభ్యాసం తప్పుడు పాఠాలు నేర్పుతుంది. గాలి తగ్గడం వల్ల పడ్డామో, వేళ తప్పడం వల్ల పడ్డామో తెలియదు. ఒక పక్కన కుదిరిన టాక్ రెండో పక్కన కుదరకపోవడం అందరికీ ఎదురయ్యేదే, కాబట్టి బలహీనమైన పక్కతోనే రోజును మొదలుపెట్టడం మంచిది. ఒడ్డు నుంచి తీసిన వీడియో ఎంతో ఉపకరిస్తుంది, అయితే చిత్రంలో బోర్డు ఒక్కటే పడితే చాలదు. గాలిపటం, బోర్డు రెండూ ఒకే చట్రంలో పడాలి.

ప్రమాదాలు

ఫాయిల్ రెక్కలు, మాస్ట్ అంచులు పదునైనవి. శిరస్త్రాణం, ఛాతీకి దెబ్బ తగలకుండా కాపాడే జాకెట్ లేకుండా నీటిలోకి దిగకూడదు. పడేటప్పుడు బోర్డు మీదకు కాకుండా దానికి దూరంగా, వీలైతే ఎదురుగాలి వైపు పడాలి. టాక్‌లో గాలిపటం వెనకబడినప్పుడు నిదానంగా అటువైపే పడతారు.

అసలు ప్రమాదం గాలిపటం నెత్తి మీద ఉండటంలో ఉంది. ఆ స్థితిలో బలమైన గాలి విసురు తగిలితే మనిషిని నిలువునా పైకి లేపేస్తుంది. కింద నీరుంటే నీటిలో పడతారు, ఒడ్డు, రాళ్లు, లంగరు వేసిన పడవలు ఉంటే ప్రాణాపాయం. అందువల్ల టాక్ అభ్యాసం ఒడ్డుకు బాగా ఎడంగా చేయాలి. ఒడ్డు నుంచి సముద్రంలోకి వీచే గాలిలో అసలు చేయకూడదు. హార్నెస్ దగ్గర గాలిపటాన్ని వదిలించే మీట చేతికి ఎక్కడ తగులుతుందో కళ్లు మూసుకుని కూడా తెలియాలి. నీటి లోతు మాస్ట్ పొడవు కంటే బాగా ఎక్కువ ఉండాలి. వలలు, తాళ్లు ఉన్న చోట మాస్ట్ తగులుకుంటే అంతటి వేగంలో రైడర్ ముందుకు విసిరివేయబడతారు. మత్స్యకారుల వలలు ఎక్కడ వేసి ఉన్నాయో ముందుగా వారినే అడిగి తెలుసుకోవడం భద్రతకూ మర్యాదకూ అవసరం.

చరిత్ర, పోటీలు

నీటి రెక్కల మీద తేలే పడవను ఇటలీకి చెందిన ఎన్రికో ఫోర్లనీని 1906లో మజ్జోరే సరస్సులో నడిపి చూపాడు. టెలిఫోన్‌తో పేరుపడ్డ అలెగ్జాండర్ గ్రాహం బెల్, కేసీ బాల్డ్విన్‌తో కలిసి తయారుచేసిన హెచ్‌డీ-4 పడవ 1919లో కెనడాలోని నోవా స్కోషియాలో గంటకు 114 కిలోమీటర్ల వేగంతో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. గాలిపటం వైపు కథ ఫ్రాన్స్‌లో మొదలైంది. బ్రూనో, డొమినిక్ లెగెన్యూ సోదరులు నీటిలో పడినా తిరిగి లేవగల గాలి గొట్టాల గాలిపటానికి 1984లో పేటెంట్ తీసుకున్నారు. 1990 దశకం చివరికి అది హవాయి దీవుల్లో కైట్ బోర్డింగ్‌గా రూపుదిద్దుకుంది. ఆ కాలంలో వాడుకలోకి వచ్చిన, రెండు చివర్లూ ఒకేలా ఉండే ట్విన్ టిప్ బోర్డులకు టాక్ అవసరమే లేదు. ఆగి, వచ్చిన దారినే వెనక్కి పోతే చాలు. ముందూ వెనకా వేరుగా ఉన్న పందెపు బోర్డులు, వాటి వెంట ఫాయిల్‌లు వచ్చాకే కైట్ క్రీడలో టాక్ నిజమైన విద్య అయింది. కైట్‌కు ఫాయిల్‌ను జతచేసి ప్రచారంలోకి తెచ్చినవారిలో హవాయికి చెందిన మాంగో కారఫీనో ఒకరు.

ఒలింపిక్స్‌లో చోటు సులువుగా రాలేదు. 2012 మే నెలలో అంతర్జాతీయ సెయిలింగ్ సమాఖ్య విండ్‌సర్ఫింగ్ స్థానంలో కైట్‌ను 2016 రియో క్రీడలకు ఎంపిక చేసి, అదే ఏడాది నవంబరులో ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. చివరికి 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఫార్ములా కైట్ పేరుతో, మార్సెయ్ తీరంలో, పురుషులకు, మహిళలకు వేర్వేరుగా పోటీలు జరిగాయి. మహిళల్లో బ్రిటన్‌కు చెందిన ఎల్లీ ఆల్డ్రిడ్జ్ స్వర్ణం, ఫ్రాన్స్‌కు చెందిన లోరియాన్ నోలో రజతం, నెదర్లాండ్స్‌కు చెందిన అన్నెలూస్ లామెర్ట్స్ కాంస్యం గెలిచారు. పురుషుల్లో ఆస్ట్రియా క్రీడాకారుడు వాలెంటిన్ బోంటుస్‌కు స్వర్ణం, స్లొవేనియాకు చెందిన టోనీ వొడిషెక్‌కు రజతం దక్కాయి. కాంస్యం గెలిచిన మాక్స్ మేడర్ వయసు అప్పటికి 17 ఏళ్లు. ఆగస్టు 9న, సింగపూర్ జాతీయ దినోత్సవం రోజునే, ఆ దేశానికి సెయిలింగ్‌లో మొదటి ఒలింపిక్ పతకం అలా వచ్చింది.

పందెంలో టాక్‌కు నియమాల బరువు కూడా తోడవుతుంది. కుడి పక్క నుంచి గాలి అందుకుంటున్నవారికి ఎడమ పక్క నుంచి అందుకుంటున్నవారు దారి ఇవ్వాలి. టాక్ చేస్తున్నవారు ఇతరులకు అడ్డం రాకూడదు. ఒకరి దారాలు మరొకరి దారాల్లో చిక్కుకోకుండా, పక్కపక్కన పోయేటప్పుడు ఎదురుగాలి వైపు ఉన్నవారు గాలిపటాన్ని ఎత్తుగా, కింది వైపు ఉన్నవారు దించి నడుపుతారు. తన గాలిపటం ఎక్కడుందో తల ఎత్తకుండానే తెలియని రైడర్ ఆ గుంపులో టాక్ చేయలేరు.

భారతదేశంలో

మన దేశంలో కైట్ క్రీడకు బాగా పేరున్న చోటు తమిళనాడులోని రామేశ్వరం. నైరుతి రుతుపవనాల నెలల్లో ఒక దిక్కు నుంచి, శీతకాలంలో ఈశాన్యం నుంచి అక్కడ గాలి నిలకడగా వీస్తుంది, దీవి అటూ ఇటూ ఉన్న తీరాల్లో ఏదో ఒకటి అభ్యాసానికి అనువుగా ఉంటుంది. తూత్తుకుడిలోనూ శిక్షణ కేంద్రం నడిచింది. అయితే కైట్ మొదటి పాఠాలకు అనుకూలించే మోకాలి లోతు నీరు ఫాయిల్‌కు పనికిరాదు, కాబట్టి ఫాయిల్ నేర్చుకోదలచినవారు లోతు సంగతి ముందే అడగాలి.

తెలుగు నేలలో తెరచాప విద్యకు హుస్సేన్ సాగర్ పెద్ద బడి. అక్కడ పడవ పట్టిన ప్రీతి కొంగర 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 470 తరగతి పడవల మిశ్రమ పోటీలో భారత్ తరఫున పాల్గొన్నారు. గాలి తీరు తెలిసిన అలాంటి పిల్లలకు కైట్ ఫాయిల్‌లో సగం దారి ముందే నడిచిన లెక్క. ఎదురుగాలిలో ఎటు పోవాలో వారికి కొత్తగా చెప్పనక్కరలేదు, గాలిపటం వేళ ఒక్కటే నేర్పాలి. సముద్రం మీద నేర్చుకోదలచినవారు మాత్రం గుర్తింపు పొందిన శిక్షకుడి దగ్గర, తోడు పడవ ఉన్న చోటే మొదలుపెట్టాలి. పరికరం కొనడం దాని తరువాతే.